నీళ్ళు పట్టిన కట్టు

జూన్ 9, సోమవారం

ఈ డైరీ పోయిన సంవత్సరానిది. టైల్స్ దుకాణం వాళ్ళు మిగిలిపోయిందని ఆయనకు ఇచ్చారు. ఇందులో ఈ రోజు ఆదివారం అని అచ్చయి ఉంది. కొట్టేసి సోమవారం అని రాశాను. ఆయన అంటే గణేశ్. పేరు పైకి అనను. రాస్తే ఎవరు వింటారు.

మామకు ఈ రోజు కట్టు వేశారు. నారాయణగూడలో సంయుక్త డాక్టరమ్మ దవాఖానలో. ఆయన, మామ లోపలికి వెళ్ళారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. పెళ్ళయి తొమ్మిది నెలలైంది. ఇప్పటికీ మామ ముందు కూర్చోను, మామతో నేరుగా మాట్లాడను. చెప్పాల్సింది ఉంటే గణేశ్‌కు చెబుతాను, గణేశ్ మామకు చెబుతారు. అత్త లేదు కాబట్టి మా ఇంట్లో మాట అలా తిరిగి వెళ్ళాల్సిందే.

పుండు కుడి అరికాల్లో, బొటనవేలు మొదట్లో. చింతగింజంత ఉంది. ఫిబ్రవరిలో మొదట చూసింది నేనే. గది తుడుస్తుంటే నేల మీద అడుగడుక్కీ ఒక మరక కనిపించింది. మరకల వెంట వెళితే మామ చెప్పు దొరికింది, అందులో మేకు. రోజంతా ఆ మేకు మీద నడిచినా మామకు తెలియలేదు. షుగర్ వచ్చి పన్నెండేళ్ళు. అరికాళ్ళలో స్పర్శ లేదు.

మొదట చూపించిన చోట వేలు తీసేయాలన్నారు. పాకితే పాదం కూడా అన్నారు. మామ ముప్పై ఏళ్ళు పరంజా మీద నిలబడి గోడలు కట్టిన మేస్త్రీ. మక్తల్ దిక్కు నుంచి వచ్చిన వాళ్ళలో ఈరన్న మేస్త్రీ అంటే తెలియని వాళ్ళు లేరు. ఈ ఏడాది పైకెక్కలేక అశోక్‌నగర్‌లో ఈ కడుతున్న బిల్డింగుకు కాపలాకు కుదిరారు. సెల్లారులో గది ఇచ్చారు, అందరం ఇక్కడే ఉంటున్నాం. కాలు బాగైతే మళ్ళీ తాపీ పట్టుకుంటానని మామ అంటున్నారు.

డాక్టరమ్మ వేలు తీయక్కరలేదన్నారు. పుండు ఎముక దాకా పోలేదు, కాలికి రక్తం బాగానే పారుతోంది, ఈ కట్టు వేస్తే బరువు పుండు మీద పడదు, దానికదే మూసుకుంటుంది అన్నారు. ఆ మాట నాకు తలుపు దగ్గరికి వినపడింది.

కట్టు వేసింది నరేంద్ర అన్న. ప్లాస్టర్ పొడి పట్టించిన తెల్లటి గుడ్డ చుట్టలు బకెట్ నీళ్ళలో ముంచి, పిండి, వేళ్ళ దగ్గర్నుంచి మోకాలి కింది దాకా చుట్టాడు. చేతులతో పాముతూ నున్నగా చేశాడు. మామ దాని మీద అరచెయ్యి పెట్టి, వేడెక్కుతున్నది చూడు అని ఆయనతో అన్నారు. కాలికి తెలియని వేడి చేతికి తెలిసింది. ఇంకా పచ్చిగా ఉంది, రేపటి దాకా అడుగు మోపొద్దు, తడవనీయొద్దు అని నరేంద్ర అన్న చెప్పాడు. ఒక కాగితం కూడా ఇచ్చారు. అంతా ఇంగ్లీషు. ఆయన ఫోన్‌లో మాట్లాడుతూ మడిచి జేబులో పెట్టుకున్నారు.

మళ్ళీ వచ్చే సోమవారం కట్టు మారుస్తారు. బాగవుతుంది. నాకు నమ్మకం ఉంది.

జూన్ 10, మంగళవారం

పొద్దున మామ నాకు వినపడేలా ఆయనతో అన్నారు. ఏసిన దినం ఇడిసిపెట్టినం, ఇయ్యాల్టి నుంచి నీళ్ళు పట్టాలె, లేకుంటే పగుల్తది అని. ఆయన సరే నాయినా అని పనికి వెళ్ళిపోయారు. పట్టేది నేనే కదా.

ఈ పని నాకు ఎవరూ నేర్పక్కరలేదు. ఏడో తరగతి తర్వాత నేను చేసిన మొదటి పని ఇదే. మా అమ్మ ఇటుకలు మోస్తుంటే నేను పైపు పట్టుకుని స్లాబులకు, పిల్లర్లకు నీళ్ళు పట్టేదాన్ని. పోసిన రోజు ముట్టుకోకూడదు. మర్నాటి నుంచి తడి ఆరనీయకూడదు. నేను నీళ్ళు పట్టిన స్లాబు ఒక్కటి కూడా కారలేదు.

గోనె సంచి చీల్చి, ఉతికి, తడిపి కట్టుకు చుట్టాను, పిల్లర్లకు చుట్టినట్టే. మామ కుర్చీలో కూర్చుని ముఖం గేటు వైపు తిప్పుకున్నారు. నేను కొంగు అడ్డం పెట్టుకుని చెంబుతో నీళ్ళు పోశాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. సాయంత్రానికి నా సిగ్గు కొంచెం తగ్గింది. ఈ ఇంట్లో నేను బాగా చేయగల పని ఒకటి దొరికింది.

జూన్ 11, బుధవారం

రెండు పూటలా పట్టాను.

జూన్ 12, గురువారం

ఎండ ఎక్కువగా ఉంది. మూడు సార్లు పట్టాను. బిడ్డకు పని మీద గ్యానం ఉన్నదిరా అని మామ ఆయనతో అన్నారట. ఆయన నవ్వుతూ నాకు చెప్పారు.

జూన్ 14, శనివారం

కట్టు అంచు మెత్తగా తగిలింది. వేలితో నొక్కితే గుంట పడింది. ముందు మెత్తబడి తర్వాత గట్టిపడే మాలు కావచ్చు. ఒక రకం వాసన వస్తోంది. గోనె సంచిది. సంచి మార్చాను.

జూన్ 15, ఆదివారం

సంచి మార్చినా వాసన ఉంది. నీళ్ళ డ్రమ్ముది అయి ఉంటుంది. రేపు ఎలాగూ కట్టు మారుస్తారు.

జూన్ 16, సోమవారం

మామ వానలో తడిశారట. అందుకే పాడయింది.

జూన్ 17, మంగళవారం

నిన్నటిది సరిగ్గా రాయలేదు.

కట్టు కోస్తుంటేనే నరేంద్ర అన్న ముక్కు మూసుకున్నాడు. లోపల కాలంతా రోజంతా నీళ్ళలో నానబెట్టినట్టు తెల్లగా, ముడతలుగా ఉంది. పుండు చింతగింజంత లేదు. అంతకు రెండింతలుంది, అంచుల్లో చీము. డాక్టరమ్మ ఎలా తడిసిందని అడిగారు. ఆయన మామ మీద అరిచారు, స్నానం చేసినవా నాయినా అని. మామ ఒక్కసారి తలుపు వైపు చూశారు. నా వైపు. తర్వాత అన్నారు.

"వానల తడిసిన మేడమ్. గేటు తీయనీకె పోయిన."

డాక్టరమ్మ గట్టిగా అరవలేదు. కట్టు లోపల చీము పడితే బయటికి కనపడదని, ఇలా ఇంకోసారి అయితే వేలు కాదు, పాదమే పోతుందని చెప్పారు. ఈ కట్టు చెప్పిన మాట వినే మనుషులకేనని, ఇక వేయనని అన్నారు. మాత్రలు, దూది కట్టు, కాలు కింద పెట్టకుండా పడుకోవడం. రేపు ఎక్స్‌రే.

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. నా నోట్లో మాట ఉంది. బయటికి రాలేదు. వానలో తడిసిందని డాక్టరమ్మ కాగితం మీద రాసుకోవడం చూశాను.

జూన్ 18, బుధవారం

పోయిన వారం వాన పడలేదు.

జూన్ 20, శుక్రవారం

ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. చీము తగ్గుతోంది. ఇవి మంచి మాటలు.

కానీ మామ పడుకోవడం లేదు. ఇసుక లారీ హారన్ కొడితే లేస్తారు. నీళ్ళ ట్యాంకర్ వస్తే లేస్తారు. దూది కట్టు మీదే గేటు దాకా నడిచి వస్తారు. నొప్పి ఉన్న మనిషి అయితే కుంటుతాడు. మామ కుంటడం లేదు. మామూలుగా నడుస్తుంటే చూడటానికే భయంగా ఉంది. ప్రతి అడుగూ ఆ పుండు మీదే.

గేటు నేను తీస్తానని ఆయనతో చెప్పించాను. ఆడపిల్ల లారీ వాళ్ళ ముందుకు పోవుడేంది అని మామ ఒప్పుకోలేదు.

జూన్ 22, ఆదివారం

నీళ్ళు పట్టమన్నది మామ. పట్టింది నేను. పట్టమన్నారు కాబట్టి నా తప్పు లేదని రెండు రోజులుగా అనుకుంటున్నాను. కానీ వాసన వచ్చింది నాకు. గుంట పడింది నా వేలికి. నేనే సంచి మార్చాను.

మామ నన్ను కాపాడటానికి వాన అన్నారు. ఆ ఒక్క మాటతో డాక్టరమ్మ లెక్కలో మామ మాట వినని మనిషి అయిపోయారు. వినని మనిషికి కట్టు వేయరు. కట్టు లేకపోతే ఈ కాలు ఉండదు. ఇది నాకు పట్టపగల్లా కనిపిస్తోంది. చెప్పాల్సింది నేను. ఆయనతో చెప్పిస్తే కుదరదు, మామ మళ్ళీ వానే అంటారు.

రేపు వెళ్తాను. ఏమనాలో పది సార్లు అనుకున్నాను. చిన్న మాటే.

జూన్ 23, సోమవారం

వెళ్ళాను. ఒక్కదాన్నే.

ఆయన పనికి వెళ్ళగానే కూరగాయలకని బయల్దేరాను. మా సందు చివర కోచింగ్ పిల్లలు మెట్ల మీద, గోడల మీద కూర్చుని చదువుతున్నారు. పెదవులు కదులుతున్నాయి. నేను కూడా వాళ్ళలాగే నా మాట పెదవులతో చదువుకుంటూ నడిచాను. చిక్కడపల్లి మార్కెట్ దగ్గర ఆగలేదు. ఆగితే కూరగాయలు కొనుక్కుని వెనక్కి వస్తానని తెలుసు.

నారాయణగూడలో గంట సేపు కూర్చున్నాను. పిలిచాక లోపలికి వెళ్ళి, కుర్చీ చూపించినా నిలబడే అన్నాను.

"మేడమ్, మా మామ వానల తడవలే. కట్టుకు నేనే నీళ్ళు పట్టిన."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. స్నానం చేయించావా అని అడిగారు. కాదని చెప్పాను. గోనె సంచి సంగతి చెప్పాను, రెండు పూటలా పోసిన సంగతి చెప్పాను, ఎండ ఎక్కువైన రోజు మూడు సార్లని కూడా చెప్పాను. గట్టిపడాలని చేశానన్నాను. మొదలు పెట్టాక ఆగలేదు. మూలన ఎవరిదో కట్టు కోస్తున్న నరేంద్ర అన్న కత్తెర పక్కన పెట్టేశాడు.

"అక్కా, ఇరవై ఏండ్ల సంది కట్లు ఏస్తున్న. నల్లా కింద తడిపినోళ్ళను చూసిన, మోరీల పడ్డోళ్ళను చూసిన. కట్టుకు క్యూరింగ్ చేసినోళ్ళను ఇయ్యాలే చూస్తున్న."

వరసలో కూర్చున్న ముసలాయన నవ్వాడు. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఎవరు చేయమన్నారని అడిగారు. మామ పేరు చెప్పలేదు. నాకు వచ్చిన పని అదే మేడమ్ అన్నాను.

ఆమె ఒక తెల్ల కాగితం ముందుకు లాక్కున్నారు. తర్వాత, తప్పు మాది కూడా, ఎందుకు తడవకూడదో మీకెవరూ చెప్పలేదు అన్నారు. కాగితం మీద పాదం బొమ్మ గీశారు. మామూలుగా నడిస్తే బరువంతా ఈ ఒక్క చోట పడుతుంది, పుండు ఉన్నది అక్కడే. కట్టు పాదమంతా అతుక్కుని, పిక్క దాకా పట్టుకుని ఉంటే ఆ బరువు అంతటికీ పంచుకుపోతుంది. తడిస్తే అది మెత్తబడి లోపల కదులుతుంది, తోలు నానుతుంది, అప్పుడు పంచేదే పొడుస్తుంది.

నేను బొమ్మ చూస్తూనే ఉన్నాను. అది నాకు తెలిసిన బొమ్మే.

"ఫుటింగ్ లెక్క," అన్నాను. "పిల్లర్ సన్నగ ఉంటది. కింద ఎడల్పుగ పోస్తం. లేకుంటే పిల్లర్ భూమిలకు దిగుతది."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి నన్ను చూశారు. ఏం చదివావు అని అడిగారు. ఏడు అన్నాను. ఇక నుంచి తలుపు దగ్గర కాదు, లోపల నిలబడాలి అన్నారు. చీము పూర్తిగా తగ్గితే వచ్చే సోమవారం మళ్ళీ కట్టు వేస్తారట. ఒక షరతు. రోజూ నేను కట్టును వాసన చూడాలి, వదులైందేమో చూడాలి, మరక పడిందేమో చూడాలి, మామకు జ్వరం ఉందేమో చూడాలి. ఏది ఉన్నా నరేంద్ర అన్నకు నేనే ఫోన్ చేయాలి. ఇంకెవరో కాదు.

వస్తూ బెండకాయలు కొన్నాను.

జూన్ 24, మంగళవారం

నిన్న సాయంత్రం ఇద్దరి ముందు చెప్పేశాను. ఆయనకు కోపం వచ్చింది. కట్టు సంగతికి కాదు, చెప్పకుండా వెళ్ళినందుకు.

"నోరు లేని పిల్ల అని చేసుకున్న. నారాయణగూడ దాంక పోయి పంచాయితీ చేసొస్తివి," అన్నారు. తర్వాత అన్నం రెండు సార్లు పెట్టించుకున్నారు. కోపం అంత పెద్దది కాదు.

మామ గేటు వైపు చూస్తూనే అంతా విన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. ఆయనతో చెప్పించలేదు. నన్నే అడిగారు.

"పట్టుమన్నది నేనని చెప్పినవా బిడ్డా?"

"చెప్పలే మామా."

"చెప్పాలె కదా," అన్నారు. అంతే.

నాకూ అప్పుడే తెలిసింది, మామకు నేరుగా జవాబిచ్చానని.

జూన్ 30, సోమవారం

కట్టు వేశారు. నేను లోపల నిలబడ్డాను.

మొదట మామ మాట్లాడారు. నీళ్ళు పట్టమన్నది తానేనని, వాన అని అబద్ధం ఆడింది కూడా తానేనని డాక్టరమ్మకు చెప్పారు. "ముప్పై ఏండ్ల మేస్త్రీని మేడమ్, ఇంత తెల్వదా అనుకున్న," అన్నారు. నరేంద్ర అన్న ఈసారి చుట్టలు ముంచుతూ, మేస్త్రీ గారూ, ఈ స్లాబు మాదే, మీరు చెయ్యి పెట్టొద్దు అన్నాడు. మామ కూడా నవ్వారు. కట్టు వేడెక్కినప్పుడు మామ నా వైపు చూసి తల ఊపారు. నేనూ చెయ్యి పెట్టి చూశాను.

కట్టు ఉన్న కాలు ఎత్తు అవుతుంది కాబట్టి రెండో కాలి చెప్పుకు కింద మందంగా ఒక అట్ట అతికించారు.

జూలై 3, గురువారం

వాసన లేదు. మరక లేదు. వదులు లేదు. జ్వరం లేదు.

గేటు నేనే తీస్తున్నాను. ఇసుక లారీ డ్రైవర్ మొదటి రోజు అదోలా చూశాడు. మామ కుర్చీలోంచి, మా కోడలు, ఏందన్నా అని గద్దించారు. ఇప్పుడు వాడు హారన్ కూడా మెల్లగా కొడుతున్నాడు.

జూలై 7, సోమవారం

చింతగింజ కంటే చిన్నగా అయింది. నా కళ్ళతో చూశాను. అంచులు ఎర్రగా, శుభ్రంగా ఉన్నాయి. కొత్త కట్టు వేశారు.

జూలై 12, శనివారం

నాలుగో అంతస్తు స్లాబుకు ఈ రోజు నుంచి నీళ్ళు పట్టాలి. మామ పని అది. నేనే పైకెక్కి పట్టాను. గట్లు కట్టి నీళ్ళు నిలిపాను. కింద కుర్చీలోంచి మామ అరుస్తూనే ఉన్నారు, ఆ మూలకు రాలే, ఈ మూలకు రాలే అని. కింది నుంచి మామకు ఏ మూలా కనపడదు.

ఈసారి నీళ్ళు పట్టాల్సిన చోటే పట్టాను.

జూలై 14, సోమవారం

కందిగింజంత.

జూలై 18, శుక్రవారం

నిజంగానే వాన పడింది. సెల్లారులోకి నీళ్ళు రాకముందే మామను మెట్ల మీద కూర్చోబెట్టి, కట్టుకు ప్లాస్టిక్ సంచి తొడిగి పైన రబ్బరు బ్యాండు వేశాను. వానల తడిసిన మేడమ్ అని మామ తన గొంతునే వెక్కిరించుకున్నారు. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో పెట్టుకున్నాను.

జూలై 20, ఆదివారం

బోనాలు. డప్పులు వినపడుతుంటే మామ ఉండలేకపోయారు. చిక్కడపల్లి దాకా నడుస్తాను, ఎడమ కాలికి చెప్పు తీసేసి వస్తాను, అమ్మవారి దగ్గరికి చెప్పుతో ఎట్ల పోవాలె అన్నారు. ఎడమ కాలికి స్పర్శ ఉందా? అదీ లేదు. వద్దన్న మాట ఆయన తండ్రికి చెప్పలేకపోయారు. పక్క బిల్డింగు వాళ్ళంతా గేటు దగ్గరే ఉన్నారు. వాళ్ళ ముందే అన్నాను.

"వద్దు మామా. కూసోండ్రి."

మామ కూర్చున్నారు.  నా మాట వణకలేదు. నేను, ఆయన వెళ్ళి మొక్కి వచ్చాం. బండారి పసుపు తెచ్చి మామ నుదుట ఆయన పెట్టారు.

జూలై 28, సోమవారం

పెసరగింజంత.

ఆగస్టు 4, సోమవారం

ఆవగింజంత. ఇంకొక్క వారం కట్టు ఉండాలన్నారు. మామ తీసేయమని బతిమాలారు. డాక్టరమ్మ నా వైపు చూశారు. ఉంచుదాం మేడమ్ అన్నాను.

ఆగస్టు 11, సోమవారం

మూసుకుంది.

నరేంద్ర అన్న కట్టు కోసి తీసి, పాదం తుడిచి, పక్కకు జరిగాడు. గులాబి రంగు తోలు, కొత్తది, పలుచగా. పుండు ఉన్న చోటు తెలియాలంటే వెతకాలి. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు, ముఖం చూపించలేదు. వేలు ఉంది. ఐదు వేళ్ళూ ఉన్నాయి. నేను లెక్కపెట్టాను.

ఇప్పుడే పరంజా ఎక్కకూడదు. మెత్తటి అట్ట చెప్పులు ఇంట్లో కూడా వేసుకోవాలి. కింద నిలబడి చేసే పని అయితే మెల్లగా మొదలు పెట్టొచ్చట. ముఖ్యమైనది ఇంకొకటి. మామకు నొప్పి చెప్పదు కాబట్టి రోజూ ఎవరైనా అరికాళ్ళు చూడాలి. ఎవరైనా అంటూ డాక్టరమ్మ నా వైపే చూశారు.

ఆగస్టు 12, మంగళవారం

సాయంత్రం దీపం పెట్టాక స్టూలు తెచ్చి మామ ముందు వేశాను. కాలు పెట్టమన్నాను. మామ ఒప్పుకోలేదు. ఇంటి కోడలికి అరికాలు చూపిచ్చుడేంది బిడ్డా, పాపం తగుల్తది అన్నారు. పండుగలకు ఆ పాదాలకు దండం పెట్టేది పైనుంచే, కింది వైపు ఎవరూ చూడరు. గణేశ్ చూస్తాడులే అన్నారు. ఆయన టైల్స్ పని నుంచి ఎప్పుడు వస్తారో తెలియదు.

నేను లేవలేదు. స్టూలు పక్కన నేల మీద అలాగే కూర్చున్నాను. మామ ముందు కూర్చోవడం ఇదే మొదటిసారి.

చివరికి చెప్పు విడిచి కాలు పెట్టారు. ముఖం గేటు వైపు తిప్పుకున్నారు, మొదటిసారి నీళ్ళు పట్టిన రోజు లాగే. ముందు ఎడమ పాదం చూశాను. తర్వాత కుడి పాదం. వేళ్ళ సందులు, మడమ, బొటనవేలు మొదలు. కొత్త తోలు మీద వేలు పెట్టి అంచు వెంట నడిపాను. మెత్తబడలేదు, గుంట పడలేదు.

"ముట్టుకున్నవా బిడ్డా?" అని అడిగారు, గేటు వైపే చూస్తూ.

"ముట్టుకున్న మామా."

"ఎట్లున్నది?"

"గట్టిగున్నది. యాడా పగులు లేదు."